సొంత సరుకు ఎప్పుడు సొంతమవుతుంది?

ఒక ఆదివారం రెండవ పూజ ముగిసి జనం గుడి ముందు నిలబడి మాట్లాడుకుంటుండగా, ఫిలింనగర్ బస్తీ నుండి వచ్చే ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, "ఫాదర్‌గారూ, జాకెట్టు కుట్టు విప్పి చూడడం పాపమా?" అని అడిగింది. నేను నవ్వాను. కుట్టు పని చేసేవారు కుట్టు విప్పకుండా ఎలా బతుకుతారు అనుకున్నాను. ఆమె నవ్వలేదు. "మాది కాదు ఫాదర్‌గారూ. ఆన్‌లైన్‌లో తెప్పించి, విప్పి, కొలతలు తీసుకుని, మళ్ళీ అలాగే కుట్టి వాపసు పంపాం. డబ్బులు కూడా తిరిగి వచ్చేశాయి" అంది. పక్కన ఆమె కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు, గుడి మెట్ల దగ్గర పదిమంది మధ్య విన్నది. రాయమని వారే అనుమతించారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఆమె భర్త సినిమా యూనిట్లలో లైట్‌మన్. ఆమె పాతికేళ్ళుగా కాస్ట్యూమ్ విభాగం వారికి జాకెట్లు కుడుతోంది, మగ్గం వర్కు చేస్తోంది. తెర మీద కథానాయిక వెనుక నలభైమంది అమ్మాయిలు ఒకే రంగు బట్టల్లో తిరుగుతుంటే మనం పాట చూస్తాం. ఆమె మాత్రం ఏ జాకెట్టు చంక దగ్గర పట్టేసిందో చూస్తుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగినప్పుడు ఆ ఇంట్లో రెండు సంపాదనలూ ఒకేసారి ఆగిపోయాయి. 2025 ఆగస్టులో సినీ కార్మికులు వేతనాల కోసం సమ్మె చేసినప్పుడు మళ్ళీ రెండు వారాలకు పైగా అదే పరిస్థితి. సమ్మె న్యాయమైనదే కావచ్చు, బియ్యం డబ్బా మాత్రం న్యాయాన్యాయాలు చూడదు. అప్పుడే డిగ్రీ ముగించిన కొడుకు, "అమ్మా, ఎవరో పిలిస్తే కుట్టడం ఎన్నాళ్ళు? మన సరుకు మనమే తయారు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముదాం" అన్నాడు.

ఆ మాటలో తప్పేమీ లేదు. ఈ కొండ మీద ఉన్నవారికి అది కొత్త మాట కూడా కాదు. మన తారలే ఆ దారి చూపారు. విజయ్ దేవరకొండ 2018లో "రౌడీ" పేరుతో, మహేష్ బాబు 2019లో "హంబుల్" పేరుతో, సమంత 2020లో "సాకి" పేరుతో దుస్తుల వ్యాపారంలో ప్రవేశించారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుండి రోడ్డు నంబర్ 36 మీదుగా నడిస్తే అద్దాల వెనుక బొమ్మలకు తొడిగిన జాకెట్ల ధరలు చూసి మా విచారణలోని అక్కాచెల్లెళ్ళు గుండె పట్టుకుంటారు. వాటిలో కొన్నింటికి పూసలు కుట్టింది కింద బస్తీలోని వీరి చేతులే. పని వీరిది, పేరు వేరొకరిది. తన చేతి పనికి తన పేరు పెట్టుకోవాలని ఒక తల్లి కోరుకోవడం అత్యాశ కాదు. సామెతల గ్రంథం చివరి అధ్యాయంలో యోగ్యురాలైన భార్యను వర్ణించేటప్పుడు, ఆమె వస్త్రాలు నేసి వర్తకులకు అమ్మిందని కూడా చెప్పబడింది. ఆ అధ్యాయాన్ని వివాహ ప్రసంగాల్లో వాడుకునే మేము ఆ వ్యాపారం సంగతి చాలాసార్లు దాటవేస్తాం.

చిక్కంతా ఆ కుర్రవాడు "రీసెర్చ్" అన్న మాట దగ్గర వచ్చింది. ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడుపోతున్న ఒక జాకెట్టును ఎంచుకున్నాడు. ఏదో సినిమా పాటలో కథానాయిక వేసుకున్న మోడల్, బుట్ట చేతులది. తెప్పించాడు. తల్లి చేతులు విప్పి, కాగితం మీద పరచి, గీత గీసుకుని, అదే రంధ్రాల్లో సూది పోనిచ్చి తిరిగి కుట్టింది. అది ఎంత నైపుణ్యమో కుట్టు తెలిసినవారికి తెలుస్తుంది. "సైజు సరిపోలేదు" అని రాసి వాపసు పంపారు.

నేను తప్పు అన్నాను. కుర్రవాడు ఒప్పుకోలేదు. చదువుకున్నవాడు, వాదన చక్కగా చేశాడు. ఏడు రోజుల్లో వాపసు ఇవ్వవచ్చని కంపెనీ వారే రాశారు కదా అన్నాడు. పెద్ద పెద్ద కంపెనీలన్నీ పోటీదారుల వస్తువులు కొని విప్పి చూస్తాయి కదా అన్నాడు. ఆ జాకెట్టు అమ్మినవాడు మాత్రం సొంతంగా ఆలోచించాడా, సినిమాలో చూసి కుట్టిందే కదా అని కూడా అన్నాడు. అతనికి గుడి మెట్ల మీద నేనిచ్చిన జవాబు తొందరపాటుది. ఇంటికి వచ్చి కూర్చుని ఆలోచించి మరో ఆదివారం చెప్పిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

బట్టల దుకాణానికి వెళ్ళి పది చీరలు పరిపించుకుని, ఒక్కటీ కొనకుండా వచ్చేస్తాం. షాపువాడు లోపల విసుక్కుంటాడేమో గానీ దొంగ అనడు. ఎందుకంటే చూసి, తాకి, నచ్చకపోతే వదిలేయడం కొనేవారి హక్కు. ఆన్‌లైన్‌లో ఆ తాకడం కుదరదు కాబట్టి దాని బదులుగా వాపసు ఏర్పాటు వచ్చింది. అంటే అది కొనదలచిన మనిషికి ఇచ్చిన వెసులుబాటు. చీరను దుకాణం వెనక్కి తీసుకెళ్ళి, పోగులు లాగి లెక్కపెట్టి, మళ్ళీ మడిచి బల్ల మీద పెట్టే వెసులుబాటు కాదు. అనుమతి ఎందుకు ఇచ్చారో ఆ ప్రయోజనానికి ఎదురుగా దాన్ని వాడుకుంటే, అక్షరం మన పక్షాన ఉన్నా న్యాయం మన పక్షాన ఉండదు. పైగా "సైజు సరిపోలేదు" అన్న మాట అబద్ధం. ఏడవ ఆజ్ఞ సంగతి వాదించుకోవచ్చు, ఎనిమిదవ ఆజ్ఞ దగ్గర వాదన లేదు. ఆ వాపసు రవాణా ఖర్చు కూడా చాలాసార్లు పెద్ద కంపెనీకి కాక, అక్కడ అమ్ముకునే చిన్న వ్యాపారి లెక్కలోకే వెళ్తుంది. అతడు ఏ ఊరిలోనో ఇలాంటి మరో తల్లికి కొడుకేమో మనకు తెలియదు.

పెద్ద కంపెనీలు కొని విప్పుతాయి, నిజమే. కొని విప్పుతాయి. కొన్న వస్తువును విప్పి చూసి నేర్చుకోవడం నా దృష్టిలో తప్పు కాదు. లోకంలో చేతివృత్తులన్నీ అలాగే నడిచాయి. శిష్యుడు గురువు చేతిని చూసి నేర్చుకుంటాడు, పొరుగు వడ్రంగి తలుపు చూసి తలుపు చేస్తాడు. శూన్యం నుండి సృష్టించేది దేవుడొక్కడే, మనమందరం ఉన్నదానిలోంచి చేసేవాళ్ళమే.

సినిమాలో చూసిన మోడల్ కుట్టవచ్చా అన్నది ఇంకొంచెం చిక్కైన ప్రశ్న. మా విచారణలోని ఒక న్యాయవాది చెప్పిన ప్రకారం, 1957 నాటి కాపీరైటు చట్టంలో ఒక విచిత్రమైన నియమం ఉంది. డిజైన్‌గా నమోదు చేయించదగిన నమూనాను నమోదు చేయించకుండా, యజమాని అనుమతితో పారిశ్రామిక పద్ధతిలో యాభైసార్లకు మించి తయారు చేస్తే దాని మీద కాపీరైటు పోతుంది. కాబట్టి చాలా జాకెట్ల విషయంలో చట్టం అడ్డురాకపోవచ్చు. చట్టం అడ్డురానంత మాత్రాన మనస్సాక్షి పని ముగిసిపోదు. ఈ ఫిలింనగర్ వారికి ఆ తేడా నేను వివరించనక్కరలేదు. మలయాళంలో 2013లో వచ్చిన "దృశ్యం" కథను మరుసటి సంవత్సరమే వెంకటేష్‌తో తెలుగులో తీశారు. మూలకథ జీతూ జోసెఫ్‌ది అని దాచలేదు, దాచవలసిన అవసరమూ కలగలేదు. ఒకరి కథను హక్కులు కొని తీయడానికీ, మూల రచయిత పేరు మింగేసి తీయడానికీ ఉన్న దూరం ఇక్కడ టీ కొట్టు దగ్గర నిలబడే సహాయ దర్శకునికి కూడా తెలుసు. తన కథ పోయిందని కన్నీళ్ళు పెట్టుకున్న కుర్రవాళ్ళను నేను చూశాను. బుట్ట చేతులు ఎవరి సొత్తూ కాదు, మన అమ్మమ్మలు కూడా వేసుకున్నారు. కానీ ఒక మనిషి నెలల తరబడి తప్పులు చేసి, గుడ్డ పాడుచేసుకుని సాధించిన కత్తిరింపును యథాతథంగా ఎత్తుకొచ్చి "మా సొంత డిజైన్" అని రాయడం వేరు.

ఇక్కడ నేను కొంచెం తల వంచుకోవాలి. గురువునైన కొత్తలో, ఒక వృద్ధ గురువు తన ప్రసంగాలు రాసుకున్న నోటు పుస్తకాన్ని నాకు ఇచ్చి చదువుకోమన్నారు. అందులోని శ్రమల ఆదివారపు ప్రసంగాన్ని నేను నా మాటగా చెప్పాను. జనం మెచ్చుకున్నారు. ఒక ముసలామె నా చేయి పట్టుకుని ఏడ్చింది. ఇది నాది కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాక్యం దేవునిదే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ వాక్యాన్ని అలా పలకడానికి ఆయన పడిన పాట్లు మాత్రం ఆయనవి. అందుచేత ఆ తల్లి ముందు నేను న్యాయాధిపతిలా కూర్చోలేను.

1991లో వెలువడిన "చెంతేసిముస్ ఆన్నుస్" విశ్వలేఖలో పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు ఒక విషయం గుర్తించారు. పూర్వం ఆస్తి అంటే భూమి, తర్వాత యంత్రాలు, మన కాలంలో జ్ఞానం, నైపుణ్యం, పని తెలిసి ఉండడం కూడా ఒక ఆస్తి అని. పొలం గట్టు జరపడం పాపమని మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. జ్ఞానానికి గట్టు కనబడదు కాబట్టి జరిపినట్టు మనకే తెలియదు. కాని అదే విశ్వలేఖ ఆలోచనను తిప్పి చూస్తే ఈ తల్లికి ఒక శుభవార్త కూడా ఉంది. ఆమెకు ఆస్తి లేదని ఎవరన్నారు? పాతికేళ్ళుగా లావు, సన్నం, పొట్టి, పొడుగు, వందలమంది ఆడవాళ్ళ ఒళ్ళు కొలిచిన చేతులు ఆమెవి. రెడీమేడ్ సైజు చీటీలు రాసేవారికి తెలియనిది ఆమెకు తెలుసు. ఉన్న ఆస్తిని పెట్టెలో పెట్టుకుని పక్కింటి కుండీలో మొక్క పీకడానికి వెళ్ళారు తల్లీకొడుకులు.

నిజమైన పరిశోధన ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. ఆలేరు దగ్గర శారాజీపేట గ్రామానికి చెందిన చింతకింది మల్లేశం చిన్నప్పుడే చదువు ఆపేసిన నేత కుటుంబీకుడు. పోచంపల్లి పట్టుచీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒక చీర కోసం చేతిని సుమారు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే తల్లి లక్ష్మికి భుజం పట్టేసేది. ఆ నొప్పి చూడలేక 1992లో యంత్రం చేయాలని పూనుకున్నారు. అప్పులు, ఎగతాళి, అర్ధాంతరంగా ఆగిపోవడాలు, హైదరాబాదులో కూలి పని, చివరకు 1999లో యంత్రం తయారైంది. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగా కూడా వచ్చింది. ఏడేళ్ళు! ఆ ఏడేళ్ళలో ఆయన ఇతరుల యంత్రాలు చూడలేదని కాదు. బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూసినప్పుడే ఆఖరి ముడి విడిందని చెబుతారు. ఆయన కూడా చూసి నేర్చుకున్నారు. కాని ఆయన ప్రశ్న ఆయనది. ఏది బాగా అమ్ముడవుతోంది అని మొదలుపెట్టలేదు, ఎవరికి నొప్పి పుడుతోంది అని మొదలుపెట్టారు. నా మట్టుకు నాకు సరుకు "సొంతం" కావడం అక్కడ మొదలవుతుందనిపిస్తుంది. చేయి ఎవరి దగ్గర నేర్చినా, ప్రశ్న మనదై ఉండాలి, తప్పు జరిగితే జవాబు చెప్పే నోరు కూడా మనదే అయి ఉండాలి.

ఈ కథ చెప్పినప్పుడు ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన గుడికొచ్చే ముసలమ్మలు వెనక హుక్కులు పెట్టుకోలేరు ఫాదర్‌గారూ, కోడళ్ళను పిలవాలి, సిగ్గుపడతారు" అంది. మగవాడినైన నాకు ఎన్నడూ తోచని విషయం. మహిళా సంఘం వారి సాయంతో, మూడు ఆదివారాలు పూజ తర్వాత విచారణ హాలులో, ఇష్టపడిన స్త్రీల కొలతలు తీసుకున్నారు. నలభైమంది దాకా వచ్చారు. బంగళాల్లో వంట చేసేవారు, జూనియర్ ఆర్టిస్టులు, ఒకరిద్దరు బంగళాల వారు కూడా. టేపు ముందు అందరూ ఒక్కటే. చేయి పైకెత్తితే ఎక్కడ పట్టేస్తుంది, పాలిచ్చే తల్లికి ఏది ఇబ్బంది, చెమటకు ఏ లైనింగ్ నిలుస్తుంది, ఎంత వరకు డబ్బు పెట్టగలరు అని అడిగి కొడుకు రాసుకున్నాడు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు లూకా సువార్తలో అడిగింది శిష్యరికం గురించే అయినా, వ్యాపారానికీ పనికొస్తుంది. లెక్క చూస్తే, దర్జీ కూలి ఆమె తనకు తాను వేసుకోవడం మరచిపోయిందని తేలింది. పేదవారి లెక్కల్లో ఎప్పుడూ జరిగే పొరపాటు ఇది. ప్రభువు నాగళ్ళు, కాడిమానులు చేసేవారని రెండవ శతాబ్దపు వేదసాక్షి పునీత జస్టిన్ రాశారు. కాడి ఎద్దు మెడకు తగ్గట్టు ఉండాలి, లేకపోతే పుండు పడుతుంది. నజరేతు వడ్రంగి కూడా కొలతలు తీసుకునే ఉంటాడు.

ఇక అమ్మకం. పునీత తోమాసు అక్వినాసు వారు క్రయవిక్రయాల్లో మోసం గురించి చర్చిస్తూ ఒంటికన్ను గుర్రం ఉదాహరణ ఇచ్చారు. లోపం ఎదురుగా కనిపిస్తున్నప్పుడు, ధరలో ఆ మేరకు తగ్గించిన అమ్మకందారు నోటితో చెప్పనక్కరలేదు, దాగి ఉన్న లోపం ప్రమాదమో నష్టమో తెచ్చేదైతే తప్పక చెప్పాలి అని. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఇది నాకు సంతలో గుర్రాల గొడవగానే అనిపించింది. ఇప్పుడు ఫోను తెర మీద గుర్రాన్ని ఎప్పుడూ మంచి కన్ను వైపు నుండే చూపిస్తున్నారు. ఆన్‌లైన్ బేరంలో ప్రతి లోపమూ దాగిన లోపమే. కొనేవారికి చేయి లేదు, ముక్కు లేదు, వెలుతురులోకి తీసుకెళ్ళి రంగు చూసే వీలు లేదు. కాబట్టి అమ్మేవాడే వారి కన్నూ చేయీ కావాలి. ఎరుపు రంగు మొదటి రెండు ఉతుకుల్లో కొంచెం దిగుతుందని రాయమన్నాను. "ట్రైలర్‌లో ఎవరైనా ఫ్లాపు సీను పెడతారా ఫాదర్?" అన్నాడు కుర్రవాడు. ఫిలింనగర్ బిడ్డ కదా. మంచి ట్రైలర్ చూసి మోసపోయిన ప్రేక్షకుడు రెండో ఆటకు నిర్మాతను ఏమంటాడో అతనికి నాకన్నా బాగా తెలుసు. రాశాడు.

మా యువజనుల వాట్సాప్ బృందంలో "అందరూ ఐదు చుక్కలు ఇవ్వండి" అని ఎవరో పెట్టిన సందేశాన్ని తీసివేయించాను. ఒక్కరూ కొనకముందే నలుగురు మెచ్చుకోవడమా! అమ్మేవారే కొనుగోలుదారుల వేషంలో అభిప్రాయాలు రాయకూడదని 2020 జూలైలో వచ్చిన ఇ-కామర్స్ నియమాలు కూడా చెబుతున్నాయి. ప్రభుత్వం చెప్పేదాకా మనం ఆగవలసిన విషయం కాదిది. నాకు ఎక్కువ భయం వేరే ఉంది. కానా పెండ్లిలో ఆ విందు పెద్ద, లోకమంతా మొదట మంచి ద్రాక్షరసం పోసి, జనం తాగాక నాసిరకం పోస్తుందని చెప్పిన మాట గుర్తుందా? పేరు వచ్చేదాకా మేలైన లైనింగు, పేరు వచ్చాక చౌకది. ఈ శోధన వారికి ఇంకా రాలేదు. వస్తుంది.

ఒక విషయం నాకు తేలలేదు, తేలలేదనే వారికి చెప్పాను. ఆ బుట్ట చేతుల కత్తిరింపు ఆమె చేతికి ఎక్కేసింది. సరుకు వాపసు చేయవచ్చు, డబ్బు వాపసు చేయవచ్చు, తెలిసిపోయినదాన్ని ఎలా వాపసు చేస్తారు? కాగితం చించేసింది, కత్తెరకు మాత్రం గుర్తుంది. మరచిపొమ్మని నేను అనలేదు, అది మనిషికి సాధ్యం కాని ఆజ్ఞ. ఆ అమ్మకందారుకు నష్టం భర్తీ చేయాలన్నది మాత్రం స్పష్టమే. కొడుకు కొంత గొణుక్కున్నాడు, మొదటి జాకెట్లు అమ్ముడైన డబ్బు అప్పుడే చేతికొచ్చింది మరి. చివరకు అదే అమ్మకందారు దగ్గర అదే జాకెట్టు, ఈసారి సైజు సరిగా చూసుకుని, మళ్ళీ తెప్పించారు.

పోయిన ఆదివారం ఆమె దాన్ని వేసుకుని పూజకు వచ్చింది. ఎలా ఉందమ్మా అని అడిగాను. "కుడి చంక కొంచెం పట్టేస్తోంది ఫాదర్‌గారూ" అంది.